ముద్ద కట్టిన ధూళి

మంగళవారం. మూడు రోజులుగా ముసురు.

అంతరిక్షంలో ధూళి ఎలా ముద్ద కడుతుందో చూసే మా ల్యాబు ప్రయోగంలో ఇవాళ ముద్ద ఎంత నొక్కినా చితకలేదు. ప్రొఫెసర్ చంకలు గుద్దుకున్నాడు. ల్యాబు అసిస్టెంటుగా పొడిని ముందురోజే ఓవెన్‌లో ఆరబెట్టడం నా పని. ఆగే ఓపిక లేక ఆయనే వద్దన్నాడు. ఈ ముసురుకు మా ఇంట్లో కారమూ గడ్డ కట్టింది. దాని మీదా ఒక రీసెర్చి పేపరు రాస్తాడేమో!

"సార్, చెమ్మ పట్టినట్టుంది. మళ్ళీ చేద్దాం," అంది రీసెర్చి చేసే సుజాత.

"నాకే చెప్తవా? ఏం రాములూ, ఆరబెట్టినవ్ గదా?"

"అవ్ సార్," అన్నాను. రిజిస్టర్లో అదే రాసి సంతకం పెట్టాను.

సుజాత నన్నొకసారి చూసి, ఇవాళ్టి ప్రయోగంలో వచ్చిన అంకెలు తన థీసిస్‌లో ఎక్కించుకుంది. రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పాల్సింది ఆ పిల్లే. మేమిద్దరం కాదు.