కోవిల్‌పట్టిలో ‘అవసరం’ అంటే

కోవిల్‌పట్టి

అక్కకు, తమ్ముడు రాములు నమస్కరించి రాసేది. నాన్న మోకాళ్ల నొప్పులు తగ్గాయా? చంటిదానికి పళ్లొస్తున్నాయన్నావు, కొరుకుతోందా? నా ఒంటికేమీ కాలేదు, వేళకు తింటున్నాను, బెంగపెట్టుకోకు. ముందు బావను ఆపు. గురువుగారు నాకు నాదస్వరం నేర్పనంటున్నారనీ, బావ వచ్చి నన్ను తీసుకుపోవాలనీ పోయిన ఉత్తరంలో రాశాను గదా. సంచీ సర్దుకుని ఉంటే విప్పేయమను.

ఇక్కడికొచ్చి నెలలు గడిచినా నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, ఇల్లు చూపించడం. గురువుగారు కచేరీలు మానేసినా పేరు తగ్గలేదు. తిరునల్వేలి పోయేవాళ్లు కూడా మధ్యలో బస్సు దిగి ‘విద్వాన్ ఇల్లు ఇదేనా’ అంటూ లోపలికొచ్చేస్తారు. ఉయ్యాలబల్ల మీద కూర్చుంటారు. గోడ మీది ఫోటోల్లో ఎవరెవరో చెప్పమంటారు. బీరువాలో శాలువాలు తీసి చూపించమంటారు. ఒకాయనైతే గురువుగారు ఏ సబ్బు వాడతారని అడిగాడు. నాకొచ్చిన అరకొర తమిళంలో అందరికీ నేనే జవాబు చెప్పాలి. పైగా కుళాయి దగ్గర బిందెల వరస, నల్లరేగడి దుమ్ము, ఎండ. మన ఊరి ఎండను తిట్టినందుకు లెంపలేసుకున్నాను. ఇక్కడి పల్లీచిక్కీకి మాత్రం వంక పెట్టలేను, ఎవరైనా వస్తుంటే పంపిస్తాను. నువ్వు కాస్త గోంగూర పచ్చడి పంపు.

అసలు సంగతి విను. పాఠం ఎప్పుడండీ అని నేనడిగినప్పుడల్లా గురువుగారు ఉయ్యాల ఊగుతూ ‘అవసరం లేదురా’ అనేవారు. వీళ్లింట్లోనూ తెలుగే, ఎప్పుడో తాతల నాడు వచ్చిన తెలుగు. ‘కూడు తింటివా’ అని ఎంతో ఆప్యాయంగా అడుగుతారు, మొదట్లో అది కూడా నాకు తిట్టులాగే వినపడింది. ‘లేదండీ, నాకు చాలా అవసరం’ అని కాళ్లావేళ్లా పడేవాణ్ణి. నేనెంత బతిమాలితే ఆయన మొహం అంత ముడుచుకునేది. సన్నాయి వాయించే ఇంట్లో పుట్టి, పాఠం అవసరం లేనివాడినని అనిపించుకోవడం ఎంత చిన్నతనం చెప్పు. ఆ ఉక్రోషంలోనే నీకు అలా రాశాను.

మొన్న గురువుగారి భార్య చుట్టాల పెళ్లికని నన్ను తోడు తీసుకుని విరుదునగర్ వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు నూనెలో వేయించిన పరోటా తిని బస్టాండుకొచ్చేసరికి మా బస్సు కదులుతోంది. ఆవిడ ముందు పరిగెత్తుతూ, ‘రాములూ, అవసరం, అవసరం’ అని కేకేశారు. ఏం అవసరమో, నీళ్లేమోననుకుని నేను సంచీలో సీసా వెతుకుతూ నిలబడ్డాను. బస్సు పోయింది.

‘అవసరంగా రారా అంటే నిలుచుకోని సంచీలో ఏమి వెతుకుతా ఉండావు?’ అని ఆవిడ తల కొట్టుకున్నారు.

‘అవసరం అంటే ఏంటమ్మా?’

‘తొందర. ఇది కూడా తెలీదా మీ ఊర్లో?’

అక్కడే అరుగు మీద కూలబడ్డాను అక్కా. ఇన్నాళ్లూ ఆయన తొందర లేదురా అంటున్నారు, నేనేమో నాకు చాలా తొందరండీ అని రోజూ ప్రాణం తీస్తున్నాను. పాఠానికొచ్చినవాడు తొందర తొందర అని గోల పెడితే ఏ గురువుకు మాత్రం మనసొస్తుంది? ఇద్దరం తెలుగువాళ్లమే, ఒక్క మాట మమ్మల్నిలా ఆడించింది.

అమ్మగారికి ఇదంతా చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

‘ఆయన అట్లే అంటాడు. ఆయాసం రొంబ ఎక్కువైంది, ఊదను ఊపిరి లేదు. నీ ముందర ఊది నడుమ నిలిచిపోతే పరువు పోతుందని పాఠం దినమూ ముందుకు జరుపుతా ఉండాడు’ అన్నారు. మళ్లీ తనే, ‘నిజంగా అవసరం ఆయనకేరా’ అన్నారు.

తరవాతి బస్సు ఎక్కాం. నాకు నా మీదా, ఆ ముసలాయన మీదా, ఆయన సబ్బు అడిగినవాడి మీదా కూడా ఒళ్లు మండిపోయింది. ఇల్లు చూసిపోయిన అంతమందిలో ఆయన ఆయాసం ఒక్కడికీ కనపడలేదు, నాతో సహా.

ఇంటికొచ్చి గురువుగారి ముందు కూర్చున్నాను. ‘మీరు ఊదొద్దండీ. పాడండి, నేను వాయిస్తాను’ అన్నాను.

ఆయన ఊగుతున్న ఉయ్యాల ఆపారు. ‘ఎవరు చెప్పింది నీకు?’

ఆయన లేచి వెళ్లి తన నాదస్వరం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. తోడి రాగంలో ఒక ముక్క పాడారు. సగంలో దగ్గొచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి పాడారు. నేను ఊదాను. తప్పే ఊదాను. ‘ఇంకొక తూరి’ అన్నారు.

అప్పటి నుంచి ఎవరు తలుపు కొట్టినా తియ్యడం లేదు. ఆయన గొంతు ఎంత ఇస్తే ఆ రోజుకు అంతే పాఠం. నిన్న రెండు స్వరాల దగ్గరే ఆగిపోయాం. ఈసారి ఆగింది నా వల్ల కాదు.

నాన్నకు, బావకు నా దణ్ణాలు చెప్పు. నన్ను దీవించేటప్పుడు నాన్నను గురువుగారి ఊపిరి కోసం కూడా దేవుడికి మొక్కమను. నా ఉత్తరాలు ఆలస్యమైతే అలగకు. ఆయన పాడగలిగినన్నాళ్లు నేను ఈ గుమ్మం దిగను.

నీ తమ్ముడు
రాములు