దొరసాని పథ్యం

ఆగస్టు 9, ఆదివారం

అత్తయ్యగారికి,

మీ కోడలు రెండు చేతులూ జోడించి రాస్తున్నది. మీరూ, వదినగారి ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ అబ్బాయి బాగున్నారు, నేను బాగున్నాను, దొరసాని బాగుంది. ఈ చివరి మాట కోసమే మీరు కవరు చింపి ఉంటారని తెలుసు కాబట్టి దాన్ని ముందే రాసేశాను. మిగతాది చదవడం, చదవకపోవడం మీ ఇష్టం.

ఫోనులో చెప్పొచ్చుగా అంటారేమో. రెండుసార్లు చేశాను. మీరు "బాగున్నావామ్మా" అని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపే ఫోను వదినగారి చేతికి వెళ్లిపోయింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నా నోటి నుంచి వచ్చిన మాటలు విన్నవాళ్లెవరైనా ఆ నోటికి దూరంగానే ఉంటారు. కాగితం మీదైతే చెప్పదలచుకున్నది చివరిదాకా చెప్పగలనని కూర్చున్నాను.

మొదటి నుంచీ రాస్తాను. చాలావరకు మీకు తెలిసిందే. కానీ నా వైపు నుంచి అది ఎలా ఉండిందో మీకు తెలియదు.

మీ అబ్బాయి ఏదో భవనంలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్లి, కింద గోతిలో దొరికిన పిల్లికూనను పనిముట్ల సంచిలో వేసుకొచ్చిన రోజు, మన ఇంట్లో జంతువులు వద్దన్నది నేనే. మీరు దాని కళ్ల పుసులు తడి దూదితో తుడిచి, మీ పాత శాలువలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఇక నేను మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు. పిలిస్తే రాదు, పిలవకపోతే వచ్చి కూర్చుంటుంది, ఇది పిల్లి కాదమ్మా దొరసాని అని పేరు పెట్టిందీ మీరే. అది మీ పిల్లి. జబ్బు చేశాక ఆ సంగతి మరిచిపోయి నేను పెత్తనం తీసుకున్నాను.

చలికాలంలో మొదలైంది కదా దానికి. తిన్నది తిన్నట్టు కక్కేది. ఇసుక తొట్టి దగ్గరికి ముక్కు మూసుకుని వెళ్లాల్సి వచ్చేది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలేవి. నులిపురుగుల మందు వేశాం, రక్తపరీక్షలు చేయించాం, పొట్టకు స్కానింగు చేయించాం. చివరికి పశువుల డాక్టరమ్మ పేగులు వాచాయంది. ఏదో తిండి పడటం లేదు, ఏదో తెలియాలంటే ఒకటే దారి అంది. ఇదివరకు ఎన్నడూ రుచి చూడని బాతు మాంసంతో చేసిన గుళికలు మాత్రమే పెట్టాలి. రెండు నెలల పాటు మరొకటి నాలుకకు తగలకూడదు. ఒక్క తునక తిన్నా కథ మళ్లీ మొదటికొస్తుంది. వాపు తగ్గడానికి రోజూ ఉదయం ఒక మాత్ర.

నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు. రోజంతా బల్ల మీద చొక్కాలు పరిచి, కాజాలో నూలుపోగు లేచినా, కుట్టు వంకర పోయినా పట్టుకుని వెనక్కి పంపడమే నా పని. ఆ కళ్లు ఫ్యాక్టరీలో వదిలి రావడం నాకు చేతకాలేదు. చెత్తబుట్టకు మూత బిగించాను. ఎంగిలి గిన్నెలు తోమేదాకా వంటింటి తలుపు తీయనిచ్చేదాన్ని కాదు. మీ అబ్బాయి నాకు భయపడి, ఉడికించిన గుడ్డు పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లి గడియ వేసుకుని తిన్నారు, గుర్తుందా? మీరు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. మనం ముగ్గురం కలిసి నవ్విన ఆఖరు రోజు అదేనేమో.

ఇంత చేసినా దానికి గుణం కనిపించలేదు. రెండు రోజులు బాగుంటే మూడో రోజు మళ్లీ మామూలే. డాక్టరమ్మతో చెబితే, ఇలాంటి ఇళ్లలో చాలావరకు ఎవరో ఒకరు ప్రేమ కొద్దీ చేత్తో ఏదో పెడుతూనే ఉంటారమ్మా, కాస్త కనిపెట్టు అంది. ఆవిడ ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నేనే దారి పొడుగునా ఆ మాటకు మీ ముఖం తగిలించుకుంటూ ఇంటికొచ్చాను. పూర్వం మీరు చేపముక్కలో ముళ్లు తీసి, వేళ్లతో నలిపి దానికి పెట్టేవారు కదా. ఆ అలవాటు మానలేదని తేల్చేసుకున్నాను. సాక్ష్యం కావాలిగా! ఒక సాయంత్రం దొరసాని మీ గదిలోంచి మూతి నాక్కుంటూ వచ్చింది. పిల్లి మూతి నాక్కోకుండా ఉంటుందా అత్తయ్యా? ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది. ఆ కాసేపటికే అది హాల్లో కక్కింది.

మీరు మంచం మీద బట్టలు మడతపెడుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, దాన్ని బతికించింది మీరే, చంపేదీ మీరే అయ్యేట్టున్నారు అన్నాను. మీరు నేనేమీ పెట్టలేదమ్మా అన్నారు. మరి గోడలు పెట్టాయా అన్నాను. మీ అబ్బాయి పరుగెత్తుకొచ్చి, అమ్మతో అలాగేనా మాట్లాడేది అని నా మీద కేకలేశారు. నేను తగ్గలేదు. ఆయనా తగ్గలేదు. మీరు మా ఇద్దరి మధ్యకూ వచ్చి, "నేనే పెట్టానే తల్లీ, బుద్ధి గడ్డి తిని పెట్టాను, ఇక పెట్టను, మీరిద్దరూ పోట్లాడుకోకండి" అన్నారు.

ఆ మాట అనడానికి మీరెంత దిగమింగుకోవాల్సి వచ్చిందో నాకు తట్టనే లేదు. చూశారా అన్నట్టు మీ అబ్బాయి వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు. నాకు గెలిచినట్టే అనిపించింది.

ఆ తరవాత దొరసానిని మీ గదిలోకి రానివ్వొద్దన్నాను. మీరు సరేనమ్మా అని తలుపు వేసుకున్నారు. అది బయట కూర్చుని గోళ్లతో తలుపు గీకుతూ అరిచేది. మీరు రేడియో గొంతు పెంచేవారు. మీకు పాటలు వినాలని కాదు, దాని అరుపు వినకూడదని. వంటింట్లో కూరలు తరుగుతున్న నాకు రెండూ వినబడేవి. ఒక్కసారైనా లేచి తలుపు తీయలేదు. వారం తిరక్కుండానే, కూతురు రమ్మంటోంది, కొన్నాళ్లుండి వస్తాను అన్నారు. వదినగారు రమ్మన్నారో లేదో మీకూ నాకూ తెలుసు.

ఇక అసలు సంగతి. మీరు వెళ్లిన తరవాత దొరసానిని మళ్లీ డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ తిండి గురించి అడిగింది, నీళ్ల గురించి అడిగింది, పక్కింటికి వెళ్తుందా అని అడిగింది. నేను అన్నిటికీ తల ఎత్తుకుని జవాబు చెప్పాను. మాత్ర సరిగ్గా వేస్తున్నావా, పిల్లులు ఉమ్మేస్తుంటాయి అంది. మా దొరసాని ఉమ్మదండీ, చూడండి అని సంచిలోంచి చీజు ముక్క తీశాను. అందులో మాత్ర పెట్టి, ఉండ చేసి, దాని నోటి దగ్గర పెట్టాను. ఎంతో బుద్ధిగా మింగింది. మెచ్చుకుంటుందేమోనని ఆవిడ ముఖంలోకి చూశాను.

ఆవిడ రాస్తున్న కలం ఆగిపోయింది. ఇలా ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నావు అంది. మొదటి రోజు నుంచీ అన్నాను. "ఇది పాలతో చేసిందే కదమ్మా" అంది, నెమ్మదిగా. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

ఇల్లంతా జల్లెడ పట్టినదాన్ని, రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే విషం చుట్టి పెట్టాను. అది మందుతో పాటు వెళ్తోంది కాబట్టి తిండి అని నాకు తోచనే లేదు. చొక్కాలో లోపం కనిపెట్టే కళ్లకు సొంత చెయ్యి కనిపించలేదు. దొంగను పట్టుకుంటానని వీధంతా తిరిగి, చివరికి అద్దంలో చూసుకున్నట్టయింది నా పని.

చీజు మానేశాను. ఇప్పుడు మాత్ర వేయడమంటే మా ఇంట్లో యుద్ధమే. మీ అబ్బాయి తువాలులో చుట్టి పట్టుకుంటారు, నేను దవడ తెరిచి నాలుక వెనక వేసి గొంతు నిమురుతాను. నా ముంజేతులు చూసి ఫ్యాక్టరీలో, ముళ్లకంపలో పడ్డావా అని అడుగుతున్నారు. గీరనివ్వండి, దానికి ఆ హక్కుంది. వాంతులు ఆగాయి. మొన్న తొట్టిలో గట్టిగా, చక్కగా వెళ్లింది. నేను కేకేస్తే మీ అబ్బాయి టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చారు. ఇద్దరం ఆ తొట్టి మీదకు వంగి, బంగారం దొరికినట్టు చూసుకున్నాం. ఈ జబ్బు పూర్తిగా పోదట, ఈ పథ్యం జన్మంతా చూసుకోవాల్సిందేనట. అయినా ఒంటికి కండ పడుతోంది, బొచ్చు మెరుస్తోంది. రోజంతా మీ మంచం మీదే పడుకుంటోంది, మీరు కాళ్లు పెట్టుకునే వైపు. నేను పిలిస్తే చెవి మాత్రం తిప్పుతుంది.

నిన్న మీ అబ్బాయికి చీజు సంగతి చెప్పాను. ఆయన, అమ్మ చెయ్యనిది చేశానని ఎందుకు ఒప్పుకుందో అన్నారు, నన్ను కాదు, తనలో తను. నాకు జవాబు తెలుసు. మా సంసారంలో గొంతులు లేవకూడదని మీరు మీ మాట పోగొట్టుకున్నారు. మేడ మీద ఉండే దర్జీ భార్యతో కూడా మీ గురించి తేలిగ్గా మాట్లాడాను. పొద్దున వెళ్లి ఆవిడకూ చెప్పి వచ్చాను. నోరు జారిన చోటల్లా వెళ్లి ఏరుకోవాలిగా.

అత్తయ్యా, రమ్మని అడిగే అర్హత నాకు లేదు. మీరు రాకపోయినా ఏమీ అనుకోను. మీకు రావాలనిపిస్తే మాత్రం ఒక్క మాట చెప్పండి, సెలవు పెట్టి నేనే వచ్చి తీసుకొస్తాను. మీ గది తలుపుకు ఇక గడియ ఉండదు, పొద్దున మీ అబ్బాయి చేత ఊడదీయించాను. కాళ్ల నొప్పులకు మందు వేసుకుంటున్నారా? వదినగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ దగ్గర తలెత్తలేని
మీ కోడలు

తా.క. ఉత్తరం అంటించబోయి మళ్లీ విప్పాను. పైన ఒక అబద్ధం రాశాను. ఆ పేజీ మార్చి రాయొచ్చు. కానీ క్షమించమని రాస్తున్న ఉత్తరంలో కూడా నేనెలా తప్పించుకోబోయానో మీరు చూడాలని అలాగే ఉంచుతున్నాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది మీరు వెళ్లిన తరవాత కాదు. మీరు బయలుదేరిన రోజు పొద్దున. అక్కడి నుంచి దొరసాని బుట్ట పట్టుకుని నేను మెట్లెక్కేసరికి మీరు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నారు. మీ అబ్బాయి కింద బండి దగ్గర ఉన్నారు. అప్పటికే నాకు అంతా తెలుసు. మీరు ఏం పెట్టలేదని తెలుసు. మీరు, డాక్టరమ్మ ఏమందమ్మా అని అడిగారు. పథ్యం గట్టిగా చూసుకోమంది అన్నాను. ఒక్క మాట చెబితే ఆ సంచి కిందికి దిగేది. నోటిదాకా వచ్చింది. మీ అబ్బాయి ముందు, మీ ముందు అంత చిన్నదాన్నైపోవడం ఇష్టం లేక మింగేశాను. మర్నాటి నుంచే చీజు మానేశాను కాబట్టి అది కోలుకోవడం మొదలుపెట్టింది. ఎందుకు మానావని మీ అబ్బాయి అడిగితే, దొరసానికి చీజు మొహం మొత్తిందన్నాను. అమ్మ వెళ్లాకే కుదుటపడింది, నువ్వన్నదే నిజం అని మీ అబ్బాయి బాధపడుతూ అంటే, నెలరోజులు ఊకొట్టాను. నిన్న చెప్పినప్పుడు కూడా ఆయనకు తేదీ దాచాను. మీకు చెప్పాకే ఆయనకు చెబుతాను.

ఆ రోజు మీరు మెట్లు దిగబోతూ ఆగారు. బుట్టలోంచి దొరసాని మిమ్మల్ని చూసి అరిచింది. మీరు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, "చేతులు కడుక్కున్నానమ్మా, ఒక్కసారి ముట్టుకోనా?" అని నన్నడిగారు. అంతా తెలిసి కూడా నేను, పెద్దమనసు చేసుకున్నదానిలా, ఫర్వాలేదు ముట్టుకోండి అన్నాను.