నువ్వు చివరగా నమ్మిన కంపెనీ

ఒరే డేవిడ్,

నువ్వు పోయి ఏడాదయింది. నువ్వు చివరగా పెట్టుబడి పెట్టిన కంపెనీ ఈరోజు అల్లూరులో ఒక రొయ్యల గుంటలో తన పరికరాన్ని దించింది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్ మోగుతుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి. మనిద్దరం కాలేజీ అవగానే పెట్టి, నిలబెట్టలేక మూసేసిన కంపెనీ కూడా దీనికోసమే.

తర్వాత నువ్వు హైదరాబాద్ వెళ్లి మూడు కంపెనీలు పెట్టి అమ్మావు, ఆపైన కొత్తవాళ్లకు పెట్టుబడి పెట్టావు. నేను కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగంలో చేరాను. నీ ఫొటో పేపర్లో పడినప్పుడల్లా కుళ్లుకునేవాణ్ణి. అది నీకూ తెలుసు.

ఈరోజు కుళ్లు నీ మీద కాదు, ఈ కంపెనీ పెట్టిన సుజాత మీద. ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా ఆమెకు ఫోన్ చేసి, పని ఆలస్యమైతే తిట్టేవాడివట. ఆ రోజుల్లో నాకు మాత్రం "బాగుండాను రా" అని ఒక్క మెసేజ్ పెట్టావు.

"అన్నా, మొదట మీరిద్దరే గదా కంపెనీ పెట్టినారు. అప్పుడు సార్ ఎట్టుండేవారు?" అని గుంట గట్టు మీద సుజాత నన్ను అడిగింది.

"నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదమ్మా" అన్నాను.

నీ మంచితనం చెబుతున్నాననుకుని ఆమె నవ్వింది.