పండాకే కోయాలన్నాను

జూన్ 9
క్రీమ్ రంగు అడిగిన కస్టమర్‌కి పసుపు కలిపిచ్చానట. గోడంతా వేశాక డబ్బా పట్టుకుని షాపు మీదికొచ్చాడు. రంగులు కలపడంలో నన్ను మించినవాడు లేడని ఇన్నాళ్లూ కాలరెగరేశాను. ఓనరు తనే కొత్త డబ్బా కలిపిచ్చి పంపాడు. తిట్టినా బాగుండేది.

జూన్ 10
కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు, కుడికన్ను మరీ అధ్వాన్నమట. ముదిరితేనే కదా తీస్తారు, అందుకే ఆగానన్నాను. ఆవిడ తల పట్టుకుంది. ఆ మాట మీకెవరు చెప్పారండీ అని అడిగింది. ఎవరు చెప్పాలి? అందరూ అనేదే. చూపించుకోమని మా ఆవిడ రెండేళ్లుగా పోరుతూనే ఉంది. కాయైనా కన్నైనా పండాకే కోయాలని జోకులేశాను.

ముందు షుగర్ తగ్గాలట. శుక్లం అడ్డుగా ఉండి వెనకాల రెటీనా కనబడటం లేదట. షుగర్ దాన్నేం చేసిందో శుక్లం తీశాకే తెలుస్తుందట.

జూలై 2
షుగర్ దిగింది. టీలో తీపి లేదు, నా మాటల్లోనూ లేదని మా ఆవిడ ఫిర్యాదు.

జూలై 8
కుడికన్ను ఆపరేషన్ అయింది. నొప్పి లేదు. భయం ఉంది.

జూలై 9, ఉదయం
పట్టీ తీశారు. తెలుపు! గోడ, దుప్పటి, నర్సు కోటు, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఈ తెలుపుని మర్చేపోయాను. కనబడుతున్నానా అని మా ఆవిడ ఆత్రంగా అడిగింది. భుజాలు, చేతులు, చెవిపోగులు కనబడ్డాయి. ముఖం ఉండాల్సిన చోట మసక. కొత్త కదా, సర్దుకుంటుందిలే అనుకుని, కనబడుతున్నావన్నాను. ఏడ్చేసింది.

జూలై 15
డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్నే వెళ్లాను. లెన్స్ బ్రహ్మాండంగా కుదిరిందట. వెనకాల రెటీనా మధ్యభాగమే షుగర్‌తో వాచి, ఎప్పటినుంచో పాడవుతూ వచ్చిందట. అందుకే సూటిగా చూసిన చోటే మసకట. ఇంజక్షన్లు ఇస్తామంది. అవి ఉన్న చూపు నిలబెట్టడానికే, పోయింది రావడం కష్టమంది. రెండేళ్ల కిందటే వచ్చుంటే అని మొదలుపెట్టి ఆగిపోయింది. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. శుక్లం పండుతోందని మురిసిపోతూ కూర్చున్నాను, దాని వెనక కన్నే పోతోంది. ఎంత మూర్ఖుణ్ని!

ఎడమకంటికి ఆలస్యం చేయొద్దంది. సరేనని తలూపాను.

ఇంట్లో చెప్పలేదు.

జూలై 21
మా ఆవిడ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్లకి సరిగ్గా చూస్తున్నారు కదా, మరీ ముసలిదాన్నైపోయానా అని అడిగింది. అస్సలు లేదన్నాను. నేనడిగితే ఆ తలుపుకి చెప్తారేంటండీ అని నవ్వింది.

తలుపు వైపు చూస్తేనే ఆవిడ ముఖం కాస్త కనబడుతోంది.