కప్పను మింగిన రైఫిలు

అంబాజీపేట,
21-1-1983

ప్రియమైన జీవరత్నం బావగారికి,

వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. మీరు మిలిటరీ వర్క్‌షాపులో తుపాకులు బాగుచేస్తారు కాబట్టి మిమ్మల్ని అడగమని నాన్నగారు చెప్పారు.

ఎన్నికలకని పోలీస్ స్టేషన్లో అప్పగించిన తాతయ్య పాత మిలిటరీ రైఫిలు తిరిగి ఇంటికొచ్చింది. ఇన్నేళ్లూ ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇప్పుడు చూపు ఆనక నన్ను తుడవమన్నారు. గొట్టం మూతికి జానెడు దూరంలో ఉబ్బు ఉంది. కప్పను మింగిన పాములా ఉంది.

"దాని తీరే అంతే" అంటారు తాతయ్య. త్వరలో జరగబోయే నా ప్రధానానికి పెళ్లికొడుకు గుమ్మంలో అడుగు పెట్టగానే పేలుస్తారట. సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే ఉబ్బు సర్దుకుంటుందని కమ్మరి గంగరాజు అంటున్నాడు.

పేల్చవచ్చా? కార్డు ముక్క రాస్తే చాలు.

మీ మామయ్య కూతురు,
కృపావతి

*

సికింద్రాబాదు,
29-1-1983

ప్రియమైన కృపకి,

పేల్చకూడదు. గంగరాజుని సమ్మెటతో సహా గుమ్మం బయటే ఆపు.

తాతయ్య నా మాట వినరు. నువ్వే చూసి చెప్పు. ముందు లోపల తూటా లేదని రూఢి చేసుకో. తుడిచే వంకతో వెనక ఉండే బోల్టు తాతయ్య చేతే తీయించు. అది లేకపోతే తుపాకి వట్టి గొట్టమే. ఆ చివర తెల్లకాగితం వెలుతురుకి పట్టి, ఈ చివర నుంచి చూడు. నున్నగా మెరవాలి. ఉబ్బు దగ్గర నల్లటి ఉంగరం కనిపిస్తే ఇనుము సాగిపోయిందన్నమాట. మళ్లీ పేలిస్తే అక్కడే పగలవచ్చు. తాతయ్య చెయ్యి, పక్కవాళ్ల కళ్లు పోవచ్చు.

నీ ప్రధానం సంగతి నాకెవరూ రాయలేదు. పెళ్లికొడుకు ఎవరు?

నీ బావ,
జీవరత్నం

*

అంబాజీపేట,
6-2-1983

ప్రియమైన బావగారికి,

చూశాను. ఉంగరం ఉంది. తాతయ్యకి చెబితే "అది నీ కంట్లో ఉందే. పుస్తకాలు తగ్గించు" అన్నారు.

పెళ్లికొడుకు రాజోలు మేష్టారు. నిన్న వచ్చారు. తాతయ్య రైఫిలు చేతికిస్తే, గొట్టంలోకి చూడకుండానే "దివ్యంగా ఉందండి. నిక్షేపంలా పేల్చుకోవచ్చండి" అన్నారు. తాతయ్యకి ఆయన తెగ నచ్చారు. మిమ్మల్ని మాత్రం "మిలిటరీలో చేరి పిరికివాడైపోయేడు" అంటున్నారు.

తూటా లేకుండా వట్టి మందు పేల్చవచ్చా? అసలు ఉబ్బు ఎందుకొస్తుంది?

ఇట్లు,
కృపావతి

*

సికింద్రాబాదు,
14-2-1983

ప్రియమైన కృపకి,

వట్టి మందూ వద్దు. గొట్టంలో ఏదో అడ్డుపడి ఉండగా పేలిస్తే అలా ఉబ్బుతుంది. ఏం అడ్డుపడిందో తాతయ్యకే తెలియాలి. బోల్టు దాచెయ్యి.

మేష్టారు తాతయ్యకి నచ్చారని రాశావు. నీ సంగతి రాయలేదు.

బావ

*

అంబాజీపేట,
27-2-1983

ప్రియమైన బావా,

బోల్టు మీ మొదటి ఉత్తరానికే దాచాను. చూడడానికి తీయించిన దాన్ని మళ్లీ పెట్టలేదు. నా పెట్టెలో, కాన్వెంటు పుస్తకాల కింద ఉంది. మేష్టారు దివ్యంగా ఉందన్నది బోల్టు లేని తుపాకిని.

మొన్న ప్రధానం తేదీ ఖాయం చేయడానికి ఆయన వచ్చినప్పుడు నేనే నోరు విప్పాను. "మొదటి తూటా మీరు పేలుస్తారాండీ?" అని అడిగాను. ఆయన గడియారం చూసుకుని, రాజోలు బస్సుకి వేళయిందన్నారు. మర్నాడు కబురొచ్చింది. అమ్మాయి మరీ మాటకారి అట.

 ఆ సాయంత్రం తాతయ్య "అడ్డుపడింది పీచే" అన్నారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గొట్టంలో కొబ్బరిపీచు కూరి ఉంచేవారట. మీ అమ్మగారి పెళ్లికి, మగపెళ్లివారు పడవ దిగగానే, సంబరంలో అది తీయడం మరిచి పేల్చారట. కుడిచెవి వినికిడి బర్మా యుద్ధంలో పోయిందని కదా మనందరికీ చెప్పారు. పోయింది ఆ రోజేనట.

"మీ నాన్నకి చెప్పకే" అన్నారు. మీకు చెప్పవద్దని అనలేదు.

రైఫిలు శాశ్వతంగా స్టేషన్లో అప్పగించడానికి ఒప్పుకున్నారు. కాకపోతే, మీరు స్వయంగా వచ్చి, గొట్టంలోకి చూసి, పనికిరాదని తన ఎడమచెవిలో చెప్పాలట. "వాళ్లమ్మ పెళ్లికి పేల్చేను. వాడి పెళ్లికి బ్యాండుమేళం చాల్లే" అన్నారు.

వాడి పెళ్లి ఎవరితో అని నేను అడగలేదు. మరీ మాటకారిననుకుంటారని.

బోల్టు నా దగ్గరే ఉంది. వచ్చి అడగండి.

మీ
కృప