నువ్వు విరగ్గొట్టిన చెయ్యి

బాగలూరు,
ఆదివారం

అన్నా,

చంటిదానికి చెవులు ఎప్పుడు కుట్టిస్తావని వదినతో అడిగించావు. కుట్టిస్తాను. మేనమామవి, నీ ఒళ్లోనే కూర్చోబెడతాను. అంతకుముందు ఒక మాట విను.

పోయిన వారం మనుషులతో వచ్చి మా ప్రార్థన షెడ్డు పగలగొట్టావు. "నా చెల్లెలికి ఏం మందు పెట్టినావే?" అని అరుస్తూ, మాతో ప్రార్థన చేసే ఎస్తేరమ్మ కుడిచేతిని ఇనుప రాడ్డుతో కొట్టావు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె నెత్తురు నా చీరకు అంటింది.

ఆమె ఏ మందూ పెట్టలేదు. వానాకాలంలో చంటిది ఆపకుండా ఏడుస్తుంటే, పెద్దవాడు జ్వరంతో మూలుగుతుంటే, నిద్ర లేక నాకు పిచ్చెక్కింది. బట్టలుతికే బండకేసి కొట్టాలని బిడ్డను రెండు కాళ్లూ పట్టుకుని పైకెత్తాను. పూలతోటకు పనికి పోతున్న ఎస్తేరమ్మ పరుగెత్తుకొచ్చి ఆ కుడిచేత్తోనే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"బిడ్డను నాకియ్యమ్మా, నువ్వు పోయి పండుకో" అంది.

నన్ను తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. నిద్ర లేచాక ఆమె దేవుడెవరని నేనే అడిగాను. ఇప్పుడు నాలా అలసిపోయిన తల్లుల ఇళ్లకు ఆమెతో నేనూ పోతున్నాను. వాళ్లు నిద్రపోయేదాకా బిడ్డల్ని ఎత్తుకుంటాను. నేను బతుకుతున్నది ఇందుకేననిపిస్తుంది.

పోలీసుల దాకా పోవద్దని ఆమే అంది. నిన్ను క్షమించేసిందట. నాకింకా చేతకాలేదు, రోజూ ప్రార్థన చేస్తున్నాను.

రా అన్నా. ముందు ఆమె ఇంటికి పోయి ఆ చేతికట్టు చూడు. నీ ఒళ్లో కూర్చోవడానికి బిడ్డ మిగిలిందంటే ఆ చేతి వల్లే.

నీ చెల్లెలు