బ్రేక్ ఆయిల్‌లో దొరికిన తేమ

కాలేజీ మోటార్ క్లబ్ కమిటీ వారికి,

కరువులో రేడియేటర్ నీళ్లు పారబోశానన్న అభియోగంతో ఆదివారం ట్రాక్ మీద కార్లు నడిపేవారి జాబితాలోంచి నా పేరు తీసేశారు. పారబోసిన మాట నిజం. అవి ఆరేళ్లుగా నాయన తన కారులో పోసిన బోరు నీళ్లు; ఇప్పుడా కారు నేను నడుపుతున్నాను. లోపలంతా సున్నం కట్టింది. ట్యాంకరు కోసం నిలబడ్డ మా వీధి హనుమక్క, "ఈడ బిందెకు దిక్కులేదు, నువ్వు కారుకు తానం చేపిస్తాండావా?" అని అరిచింది. బకెట్‌లోకి తొంగిచూసి, "థూ, గొర్రె గూడా తాగదు, పారబొయ్ మ్మే" అని తీర్పు మార్చుకుంది.

ఆ నీళ్ల బదులు రేడియేటర్‌లో కూలెంట్ పోశాను. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్చాను. వానలేని మన ఊళ్లో గాలిలోని తేమను పట్టుకోగలిగింది ఆ పాత ఆయిల్ ఒక్కటే. ట్రాక్ వేడికి ఆ తేమ మరిగితే పెడల్ తొక్కినా కారు ఆగదు.

పాత ఆయిల్‌ను సీసాలో దాచాను. మీలో ఒకరు దాన్ని తమ కారులో పోసుకుని మొదటి చుట్టు తిరగండి. లేదా నా పేరు మళ్లీ రాయండి.